సోడా తాగితే నీళ్ళు తాగినట్టేనా? చెన్నైలో ఉండేవాళ్ళు రోజు లెక్క ఎలా వేసుకోవాలంటే

ముందే సమాధానం చెప్పేస్తాను, లెక్క ఎలా వేసుకోవాలో తర్వాత చూద్దాం. చక్కెర కలపని ఉత్త సోడా, స్పార్క్లింగ్ వాటర్ రెండూ నీళ్ళే, గ్లాసుకి గ్లాసు లెక్కలోకి వస్తాయి. కాఫీ, టీ వస్తాయి. మజ్జిగ, పాలు, కొబ్బరినీళ్ళు వస్తాయి, నీళ్ళ వరకే చూస్తే కూల్‌డ్రింక్ కూడా వస్తుంది. నీళ్ళు ఏ గ్లాసులోంచి వచ్చాయన్నది ఒంటికి అనవసరం. మనం చూసుకోవాల్సింది ఆ నీళ్ళతో పాటు ఇంకేం లోపలికి వెళ్తోంది అని, చక్కెరా, ఉప్పా, కెఫీనా, ఆల్కహాలా అని. అందుకే రెండు లెక్కలు విడివిడిగా పెట్టుకోమంటాను, ఒకటి నీళ్ళది, ఇంకోటి నీళ్ళతో వచ్చేవాటిది. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో పనిచేసే మన తెలుగు పిల్లల్ని రోజూ చూస్తుంటాను, పొద్దున ఏసీలో కూర్చుంటే దాహమే తెలీదు, సాయంత్రం నాలుగయ్యేసరికి తలనొప్పి అని మాత్ర వేసుకుంటారు. "అక్కా, కాఫీ ఒంట్లో నీళ్ళు లాగేస్తుందంట కదా" అని ఒకరు, "సోడాకి ఎముకలు అరిగిపోతాయంట" అని ఇంకొకరు, ఊర్నుంచి అమ్మ ఫోన్ చేసి రోజుకి ఐదు లీటర్లు తాగమంటోందని మరొకరు. వీళ్ళందరికీ విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, మీ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పండి.

మొదట, మీకు ఎంత కావాలో తెల్సుకోండి

యూరప్ ఫుడ్ సేఫ్టీ అథారిటీ 2010లో పెట్టిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో మగవాళ్ళకి రోజుకి 2.5 లీటర్లు, ఆడవాళ్ళకి 2 లీటర్లు. అమెరికావాళ్ళు 2004లో చెప్పింది మగవాళ్ళకి 3.7, ఆడవాళ్ళకి 2.7. ఈ అంకెలు చూసి అన్ని లీటర్ల మంచినీళ్ళు తాగాలేమో అని భయపడకండి, ఇవి మొత్తం నీళ్ళు, అంటే తిండిలో వచ్చేవి, తాగే ప్రతీదీ కలిపి. మామూలుగా ఐదో వంతు తిండిలోంచే వచ్చేస్తుంది. మన భోజనం అయితే ఇంకా నయం, వండిన అన్నంలోనే దాదాపు 70 శాతం నీళ్ళు, దానిమీద సాంబారు, రసం, చివర మజ్జిగన్నం. కీరా, పుచ్చకాయల్లో 90 శాతం పైనే. రొట్టె, బిస్కెట్లు, చిప్స్‌తో రోజు గడిపేసేవాళ్ళకి మాత్రం తిండిలోంచి వచ్చేది బాగా తగ్గిపోతుంది, పీజీల్లో ఉండేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎనిమిది గ్లాసుల మాట అందరికీ తెలుసు కదా, దాని మూలం 1945లో అమెరికా ఫుడ్ అండ్ న్యూట్రిషన్ బోర్డు రాసిన సలహా అంటారు. రోజుకి 2.5 లీటర్లు అని రాసి, వెంటనే అందులో చాలావరకు తిండిలోనే ఉంటుందని కూడా రాశారు. జనం మొదటి వాక్యం పట్టుకున్నారు, రెండోది వదిలేశారు.

నేనైతే ఇలా చెప్తాను. ఏసీలో కూర్చునే రోజుకి, తాగేవన్నీ కలిపి ఆడవాళ్ళు రెండు లీటర్లు, మగవాళ్ళు రెండున్నర పెట్టుకోండి. ఎండలో బండి మీద తిరిగే రోజు, సైట్‌లో నిలబడే రోజు ఇంకో లీటరు, చెమట బాగా పడితే అంతకంటే ఎక్కువ. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి కూడా మామూలు కంటే ఎక్కువే కావాలి.

ఇంట్లో గ్లాసులు కొలవండి

ఇది ఎవ్వరూ చేయరు, కానీ చేస్తే ఒక్క పూట పని. లీటరు బాటిల్ నిండా నీళ్ళు తీసుకుని మీరు రోజూ వాడే స్టీలు గ్లాసు, కాఫీ టంబ్లరు, ఆఫీసు మగ్గు తెచ్చి ఒక్కోదాన్ని మీరు మామూలుగా తాగేటప్పుడు ఎంతవరకు నింపుతారో అంతవరకే నింపుతూ వెళ్ళండి. ఐదు సార్లు పడితే అది 200 ఎంఎల్, నాలుగే పడితే 250. అంచుదాకా పోయొద్దు, అంచుదాకా పోసుకుని ఎవరూ తాగరు కదా. ఫిల్టర్ కాఫీ టంబ్లరు చూడ్డానికి పెద్దగా ఉంటుంది కానీ నురగ తీసేస్తే చాలాచోట్ల 100 నుంచి 150 ఎంఎల్ లోపే ఉంటుంది. కొలిచిన అంకె మార్కర్‌తో మగ్గు అడుగున రాసేస్కోండి.

20 లీటర్ల క్యాన్ త్వరగా అయిపోతోంది కాబట్టి బాగా తాగుతున్నాం అని మాత్రం లెక్కేసుకోవద్దు. వంటకి, కాఫీకి, ఒక్కోసారి కూరగాయలు కడగడానికి కూడా ఆ క్యానే వంచుతాం.

ఇప్పుడు సోడా సంగతి

సోడా అంటే నీళ్ళలోకి ప్రెషర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించడమే. కొంత గ్యాస్ నీళ్ళతో కలిసి కార్బానిక్ యాసిడ్ అవుతుంది, నాలిక మీద ఆ చురుకు దానిదే. తాగాక గ్యాస్ కొంత తేన్పుగా వచ్చేస్తుంది, మిగిలింది రక్తంలో కలిసి ఊపిరితో బయటికి పోతుంది, నీళ్ళు నీళ్ళలాగే ఒంటికి పడతాయి. 2016లో బ్రిటన్‌లో 72 మంది కుర్రాళ్ళ మీద ఒక స్టడీ చేశారు, ఒక్కో డ్రింకు లీటరు చొప్పున అరగంటలో తాగించి తర్వాత నాలుగు గంటల్లో ఎంత మూత్రం పోశారో కొలిచారు. స్పార్క్లింగ్ వాటర్, కోలా, డైట్ కోలా, కాఫీ, టీ ఇవేవీ మామూలు నీళ్ళకి తేడాగా రాలేదు. మామూలు నీళ్ళకంటే ఎక్కువసేపు ఒంట్లో నిలిచినవి పాలు, ఓఆర్ఎస్ (విరేచనాలప్పుడు ఇచ్చే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు), కొంతవరకు ఆరెంజ్ జ్యూస్.

కాబట్టి చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర బండి ఆపి గోలీసోడా కొట్టించుకుంటే, సోడా అమ్మేఆయన బొటనవేలితో గోలీని లోపలికి నొక్కగానే కీచుమని గ్యాస్ లేస్తుంది చూడండి, ఆ సీసాలో ఉన్నది ఉత్త సోడా అయితే మొత్తం మీ నీళ్ళ లెక్కలో రాసేస్కోవచ్చు. అక్కడ అడగాల్సింది ఒక్కటే, ఏం నీళ్ళతో చేశారు, సీసా ఎలా కడుగుతున్నారు అని. శుభ్రంగా లేని సోడా తాగి విరేచనాలు పట్టుకుంటే తాగినదానికి పదింతలు పోతుంది. ఐస్ సంగతీ అంతే, ఎక్కడిదో తెలీకపోతే ఐస్ లేకుండా ఇవ్వమనండి.

పన్నీర్ సోడా, జింజర్ సోడా, ఇక్కడి బొవొంటో ఇవన్నీ సోడా వరసలోవి కావు, కూల్‌డ్రింక్ వరసలోవి. పన్నీర్ అంటే ఇక్కడ రోజ్‌వాటర్ రుచి, దాంతో పాటు చక్కెర. టానిక్ వాటర్ కూడా అంతే, చూడ్డానికి సోడాలా తెల్లగా ఉంటుంది కానీ క్వినైన్‌తో పాటు చక్కెర కలుస్తుంది. అందుకే కొనేముందు సీసా తిప్పి వెనక చూడండి. పదార్థాల వరసలో కార్బొనేటెడ్ వాటర్ తర్వాత షుగర్ కనిపిస్తే అది రెండో లెక్కలోకి కూడా వెళ్తుంది. 500 అనే నంబర్ కనిపిస్తే అది సోడియం బైకార్బొనేట్ జాతి, క్లబ్ సోడాల్లో రుచికి వేస్తారు. బీపీ ఉన్నవాళ్ళు సీసా మీదే ఉండే పోషకాల టేబుల్లో 100 ఎంఎల్‌కి సోడియం ఎంతో చూసి, తాగే సీసాకి లెక్క కట్టుకోండి. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే హద్దు రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల సోడియం లోపు, మన పచ్చడి, అప్పడం, సాంబారు ముందే అందులో చాలా భాగం తినేస్తాయి. నిజం చెప్పాలంటే సీసా సోడాలో సోడియం కంటే సాల్ట్ లైమ్ సోడాలో షాపతను చెంచాతో వేసే ఉప్పే చాలా ఎక్కువ, అర చెంచా ఉప్పు పడిందంటే దాదాపు 1000 మిల్లీగ్రాముల సోడియం. "ఉప్పు చిటికెడు చాలు అన్నా" అని చెప్పి వేయించుకోండి.

ఎముకల భయం గురించి. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ స్టడీలో 2006లో వచ్చిన ఫలితంలో కోలా ఎక్కువ తాగే ఆడవాళ్ళ తుంటి ఎముకలో సాంద్రత తక్కువగా కనిపించింది, కోలా కాని గ్యాస్ డ్రింకుల్లో ఆ సంబంధం కనిపించలేదు. అంటే గ్యాస్ మీద నింద వేయడానికి లేదు. పళ్ళ విషయం కొంచెం వేరు, పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ, పంటి ఎనామెల్ పీహెచ్ 5.5 కంటే కిందకి వెళ్తే కరగడం మొదలవుతుంది, ఉత్త సోడా 4, 5 మధ్యలో ఉంటుంది, కోలా రెండున్నర దగ్గర. సోడా వల్ల జరిగేది కోలాతో పోలిస్తే చాలా తక్కువ, కానీ గంటలకొద్దీ చప్పరిస్తూ కూర్చోవడం మంచిది కాదు, భోజనంతో పాటు తాగేసి తర్వాత ఒక గుక్క మామూలు నీళ్ళు పుక్కిలిస్తే సరిపోతుంది. నిమ్మరసం పిండితే పులుపు ఇంకా పెరుగుతుంది, అది కూడా చూస్కోండి.

సోడాతో అసలు ఇబ్బంది నా దృష్టిలో కడుపుది. గ్యాస్‌కి కడుపు నిండినట్టు అనిపించి సగం గ్లాసుకే చాలనిపిస్తుంది, అలా రోజంతా సోడా మీదే ఉంటే తెలీకుండానే తక్కువ తాగేస్తారు. ఎసిడిటీ, గుండెలో మంట, కడుపుబ్బరం ఉన్నవాళ్ళకి ఇంకా ఇబ్బంది. మామూలు నీళ్ళు బొత్తిగా సహించనివాళ్ళు ఉంటారు, వాళ్ళకి మాత్రం నేను నిస్సంకోచంగా సోడా తాగమనే చెప్తాను, కోలా మానేసి సోడాకి మారితే ఇంకా సంతోషం.

కాఫీ, టీ ఎలా రాసుకోవాలి

కాఫీ నీళ్ళు లాగేస్తుందన్నది ఇప్పటికీ చాలామంది గట్టిగా నమ్ముతారు. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీవాళ్ళు 2014లో రోజూ కాఫీ తాగే అలవాటున్న 50 మంది మగవాళ్ళకి మూడు రోజులు రోజుకి నాలుగు కప్పులు, కప్పు 200 ఎంఎల్ చొప్పున కాఫీ ఇచ్చి, ఇంకో మూడు రోజులు అంతే నీళ్ళు ఇచ్చి చూశారు, ఒంట్లో నీటి లెక్కలో తేడా ఏమీ కనపడలేదు. కెఫీన్ ఒకేసారి బాగా ఎక్కువ పడితే, అదీ అలవాటు లేనివాళ్ళకి, కాసేపు మూత్రం ఎక్కువ వస్తుంది, అంతే. కాబట్టి పొద్దున టంబ్లరు, సాయంత్రం టంబ్లరు మొత్తంగా రాసేస్కోండి.

రెండో లెక్కలో కెఫీన్ రాయండి. మన దేశంలో వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్, దాని కింద హైదరాబాద్‌లో ఉన్న పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ వాళ్ళు 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు, 150 ఎంఎల్ డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 ఉంటుందని కూడా ఇచ్చారు. ఇంకో మంచి మాట చెప్పారు, భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని, ఎందుకంటే అందులోని టానిన్లు తిండిలోని ఐరన్‌ని పట్టేసుకుంటాయి. రక్తం తక్కువున్న ఆడపిల్లలు టిఫిన్ అవ్వగానే కాఫీ తాగడం మానుకుని మధ్యలో తాగితే మంచిది. గర్భంతో ఉన్నవాళ్ళకి కెఫీన్ హద్దు ఇంకా తక్కువ, 200 లోపు ఉంచుకోండి. మరీ ముఖ్యంగా టీ షాపులో వేసే చక్కెర, నాలుగు టీలకి నాలుగుసార్లు, దాని సంగతి ఎవ్వరూ లెక్కేయరు.

మజ్జిగకి పెద్దపీట వేయండి

చెన్నైలో ఎండాకాలం వస్తే రోడ్డు పక్కన పందిళ్ళు వేసి నీర్ మోర్, అంటే పల్చటి మజ్జిగ పోస్తారు, మన చలివేంద్రాల్లాగే. ఇంట్లో చేసుకోవడం ఎలాగంటే, ఒక కప్పు పుల్లగా లేని పెరుగు బాగా చిలికి నాలుగు కప్పుల చల్లటి నీళ్ళు పోయండి, చిన్న అల్లం ముక్క, సగం పచ్చిమిర్చి, నాలుగు కరివేపాకులు, కాస్త కొత్తిమీర రోట్లో కచ్చాపచ్చాగా దంచి వేయండి, చిటికెడు ఇంగువ, పావు చెంచా ఉప్పు. పది నిమిషాలు అలా ఉంచి వడగడితే ఆ అల్లం ఘాటు మొత్తం దిగుతుంది. మధ్యాహ్నం మూడుకి పెద్ద గ్లాసు తాగి చూడండి, ఆ టైముకి కూల్‌డ్రింక్ వైపు చెయ్యి పోదు. ఆ 2016 స్టడీలో మజ్జిగ లేదు, కానీ పాలు ఎందుకు ఎక్కువసేపు నిలిచాయో చెప్పారు, ప్రోటీన్, కొవ్వు ఉండటం వల్ల కడుపులోంచి నెమ్మదిగా దిగుతాయి, సోడియం, పొటాషియం కూడా ఉంటాయి. మజ్జిగలో ఇవే పల్చగా ఉంటాయి, ఉప్పు మనం వేస్తాం, చక్కెర లేదు, ధరా తక్కువ. ఇంతకంటే మనకి సరిపోయే డ్రింకు నాకు కనిపించలేదు.

కొబ్బరి బొండం మంచిదే, పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అందుకే చెమటలో పోయిన ఉప్పుకి అదొక్కటే సరిపోదు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా తాగొద్దు. రాగి అంబలి నీళ్ళ లెక్కలోనూ వస్తుంది, కడుపూ నిండుతుంది. నన్నారి సర్బత్, రోజ్ మిల్క్, చెరుకురసం నీళ్ళ వరకు చూస్తే చాలావరకు నీళ్ళే, కానీ చక్కెర దండిగా. కోలాల్లో 100 ఎంఎల్‌కి దాదాపు పదిన్నర గ్రాముల చక్కెర, అంటే 250 ఎంఎల్ సీసాలో 26 గ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మరీ మంచిది అంటోంది, ఒక్క సీసాకే అయిపోయింది. దాహానికి ఇవి తాగొద్దు, ఇష్టానికి ఎప్పుడో ఒకసారి తాగండి.

బీరు సంగతి అడిగేవాళ్ళుంటారు కాబట్టి చెప్తున్నా, ఆ స్టడీలో ఒక లీటరు బీరు కూడా నీళ్ళకి తేడాగా రాలేదు, అయినా లెక్కలో వేసుకోవద్దు. మెదడు పంపే వాసోప్రెసిన్ అనే హార్మోన్ మూత్రంలో నీళ్ళు పోకుండా ఆపుతుంది, ఆల్కహాల్ దాన్ని తగ్గించేస్తుంది, స్ట్రాంగ్ బీర్లకి, విస్కీకి ఆ ప్రభావం ఇంకా ఎక్కువ. విస్కీలో సోడా పోశాం కదా అంటే అది కుదరదు.

చెమట రోజులకి వేరే పద్ధతి

మే నెలలో అగ్ని నక్షత్రం అని ఇక్కడివాళ్ళు పిలిచే ఎండ మండే రోజుల్లో ఇక్కడి ఎండ ఒక ఎత్తు, గాలిలో తేమ ఇంకో ఎత్తు. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, ఇంకా పోస్తూనే ఉంటుంది. పొద్దున బీచ్‌లో పరిగెత్తేవాళ్ళు, షటిల్ ఆడేవాళ్ళు ముందు ఒకసారి, తర్వాత చెమట తుడుచుకుని ఒకసారి బరువు చూస్కోండి, కిలో తగ్గితే దాదాపు లీటరు నీళ్ళు పోయినట్టు. ఆ లీటరుని ఒక్కసారిగా కాకుండా రెండు మూడు గంటల్లో, తిండితో పాటు, మజ్జిగతో పాటు తీసుకోండి. గంటకి లీటరు మించి గడగడా తాగడం మంచిది కాదు, కిడ్నీలు బయటికి పంపగలిగేది సుమారు అంతే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది, ఎక్కువ తాగి పరుగులో బరువు పెరిగినవాళ్ళకే ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. ఐదు లీటర్లు తాగమనే అమ్మకి ఇది నెమ్మదిగా చెప్పండి.

వాంతులు, విరేచనాలు అయితే సోడా, జ్యూస్, గ్లూకోజ్ నీళ్ళు ఇవేవీ కావు, ఓఆర్ఎస్సే. 1971 బంగ్లాదేశ్ యుద్ధం టైములో శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకి ఇదే తాగించి ప్రాణాలు నిలబెట్టారు. ఇప్పటి డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మెడికల్ షాపులో టెట్రా ప్యాక్ ఇస్తే తీసుకోకండి, ఈ ఫార్ములా రాసి ఉన్న పౌడర్ ప్యాకెట్ అడగండి. తియ్యటి డ్రింకులకి ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మడం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు, 2025 అక్టోబర్‌లో మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఫార్ములా లేని డ్రింకుల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశం ఇచ్చింది. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే సరిగ్గా లీటరులోనే మొత్తం కలపండి, సగం గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే పిల్లలకి ప్రమాదం. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి, టీ చెంచాతో.

సరిపోయిందో లేదో చూస్కోవడం

మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయింది, ముదురు పసుపుంటే ఇంకో రెండు గ్లాసులు. పొద్దున లేవగానే వచ్చేది ముదురుగానే ఉంటుంది, దాన్ని చూడొద్దు, మధ్యాహ్నం చూడండి. బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవాళ్ళకి రైబోఫ్లేవిన్ వల్ల మెరిసే పసుపు వస్తుంది, దానికి నీళ్ళకి సంబంధం లేదు. అరవై దాటినవాళ్ళకి దాహం సరిగ్గా తెలీదు, ఇంట్లో అత్తయ్యకో నాన్నకో అడిగేదాకా ఆగకుండా గ్లాసు చేతికిచ్చేయండి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు తాగేదాన్ని కాకుండా పోసేదాన్ని కొలవాలి, రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం రావాలంటారు డాక్టర్లు, మన ఎండకి దానికోసం మూడు లీటర్ల పైనే తాగాల్సి వస్తుంది.

గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి పైన చెప్పిన అంకెలేవీ వర్తించవు. వాళ్ళకి డాక్టర్ రోజుకి లీటరో, లీటరున్నరో అని హద్దు పెడతారు, ఆ హద్దులో మంచినీళ్ళొక్కటే కాదు, కాఫీ, సోడా, రసం, మజ్జిగ, మాత్ర వేసుకునే గుక్క, నోట్లో వేసుకునే ఐసుముక్క కూడా ఉంటాయి. పొద్దున్నే ఒక బాటిల్లో ఆ రోజు కోటా నింపి పక్కన పెట్టండి, వాళ్ళు ఏది తాగినా అంత నీళ్ళు ఆ బాటిల్లోంచి తీసేయండి, బాటిల్ ఖాళీ అయితే ఆ రోజుకి అంతే.